పిలుపు రాని విజేతలు

2023 డిసెంబర్ 3, ఆదివారం. మిచౌంగ్ అని రాసి మిగ్‌జామ్ అని పలకాలని టీవీవాళ్ళు చెబుతున్న తుఫాను మా తీరానికి బాగా దగ్గరికొచ్చేసింది. శ్రీహరికోట అంటే ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం, మధ్యన సన్నటి దీవి. ఇలాంటి రాత్రుళ్ళు ఎటు తిరిగి పడుకున్నా నీళ్ళ హోరే. కరెంటు పోయింది. పదిన్నర దాటాక ఫోన్ మోగింది. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని టాలహాసీలో చదువుతున్న మావాడు. తుఫాను వార్త చూసి కంగారుపడి చేశాడేమో అనుకున్నాను.

“నాన్నా, మమ్మల్ని తీసుకోలేదు” అన్నాడు.

నా గుండె ఆగినంత పనైంది. ఉద్యోగమా? వీసానా?

“ఎవర్రా తీసుకోనిది?”

“ప్లేఆఫ్ కమిటీ. పదమూడు మ్యాచులు ఆడి పదమూడూ గెలిచాం. అయినా తీసుకోలేదు.”

సంగతి వాడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుది. ఆ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. వాడు అక్కడికి వెళ్ళి నిండా రెండేళ్ళు కాలేదు, అప్పుడే “మేము గెలిచాం”, “మేము ఓడాం” అంటున్నాడు. ఆ ‘మేము’లో వాడెప్పుడు చేరాడో నేను గమనించలేదు.

వాడు ఆవేశంగా చెప్పిందాంట్లోంచి నాకర్థమైంది ఇదీ. ఏటా సీజన్ చివర్లో 13 మంది సభ్యుల కమిటీ ఒకటి కూర్చుని, దేశంలోని జట్లన్నిట్లోంచి నాలుగింటిని ఏరుతుంది. ఆ నాలుగే జాతీయ ఛాంపియన్ పదవికి పోటీ పడతాయి. ఫ్లోరిడా స్టేట్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తన కాన్ఫరెన్స్‌లో, అంటే తన ప్రాంతీయ కూటమిలో, విజేతగా నిలిచింది. కానీ దాని క్వార్టర్‌బ్యాక్, జట్టుకి ఆయువుపట్టు లాంటి ఆటగాడు, నవంబర్ 18న కాలు విరగ్గొట్టుకున్నాడు. అతను లేని జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ తేల్చింది. ఒక మ్యాచ్ ఓడిన అలబామాని తీసుకుని, ఫ్లోరిడా స్టేట్‌ని అయిదో స్థానంలో పెట్టి బయట నిలబెట్టింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా గెలిచిన జట్టుని అలా వదిలేయడం, ఆ నాలుగు జట్ల పద్ధతి వచ్చాక అదే మొదటిసారి.

“గెలిచినవాణ్ణి కాదని, ఆడితే గెలుస్తాడనిపించినవాణ్ణి తీసుకోవడమేంటి నాన్నా?”

నా దగ్గర జవాబు లేదు. నేను బతుకంతా గడిపిన చోట వ్యవహారం వేరు. రాకెట్‌ని పంపాలా వద్దా అని తేల్చడానికి ఇక్కడా ఒక బోర్డు కూర్చుంటుంది. సూళ్ళూరుపేట చెంగాళమ్మకి దణ్ణం పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు. కానీ ఒకసారి నిప్పు ముట్టాక, అది కక్ష్యలోకి చేరిందా, సముద్రంలో పడిందా అన్నదానికి ఎవరూ ఓట్లు వెయ్యరు. ఆటలు కూడా అలాంటివేనని అనుకుంటూ వచ్చాను. కావని ఆ రాత్రి తెలిసింది.

*

మావాడి ప్రశ్నకి జవాబు కోసం ఆ శీతాకాలమంతా ఆ ఆట చరిత్ర చదివాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, అక్కడ ఛాంపియన్ అనే ఊహ బాగా ఆలస్యంగా పుట్టింది. ముందు పుట్టింది పంతం.

మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగింది. ఒక్కోవైపు 25 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదు. అంటే చూడ్డానికి ఇప్పటి అమెరికన్ ఆట కంటే మన ఆటకే దగ్గర. రట్గర్స్ 6-4తో గెలిచింది. అప్పుడు లీగ్ లేదు, కప్పు లేదు, పాయింట్ల పట్టిక లేదు. ఉన్నదల్లా ఒకే రాష్ట్రంలో దగ్గర దగ్గరగా ఉన్న రెండు కాలేజీలు, వాటి మధ్య నువ్వా నేనా అనే పట్టుదల. సైన్యం, నౌకాదళాల అకాడమీలు 1890లో మొదలుపెట్టిన పోరు ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ మ్యాచ్‌లో గెలిస్తే ఏం వస్తుంది అని ఎవరూ అడగరు. గెలవడమే వచ్చేది.

ఈ పంతాలకి ఆడటం కూడా అవసరం లేదని అలబామా రాష్ట్రం నిరూపించింది. అలబామా, ఆబర్న్ యూనివర్సిటీలు 1907లో 6-6తో సమంగా ఆడాయి. తర్వాతి ఏడాది మ్యాచ్‌కి ఆటగాళ్ళ ఖర్చులెంత, అంపైర్లు ఎక్కడివాళ్ళు అన్న దగ్గర పేచీ వచ్చింది. మన పెళ్ళిళ్ళలో మర్యాదల దగ్గర వచ్చే పేచీలాంటిదే. అలా మొదలైన మౌనం 41 ఏళ్ళు సాగింది. ఆఖరికి రాష్ట్ర శాసనసభ కలగజేసుకున్నాక 1948లో మళ్ళీ ఆడారు. అలబామా 55-0తో గెలిచింది. ఆ నాలుగు దశాబ్దాల్లో పంతం చల్లారి ఉంటే శాసనసభకి ఆ పని పడేదే కాదు.

ఇక ‘బౌల్’ సంగతి. కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1890 నుంచి జనవరి 1న పూలరథాల ఊరేగింపు జరిగేది. దేశం సగం మంచులో వణుకుతుంటే మా ఊళ్ళో గులాబీలు పూస్తున్నాయి చూడండి అని చెప్పుకోవడమే దాని పరమార్థం. 1902లో జనాన్ని ఇంకా రప్పించడానికి ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. మిషిగన్ యూనివర్సిటీని అంత దూరం నుంచి పిలిపించి స్టాన్‌ఫర్డ్‌తో ఆడించారు. మిషిగన్ 49-0తో ఉండగా, ఇంకా టైముండగానే, స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. నిర్వాహకులు జడిసిపోయి ఫుట్‌బాల్ మానేసి రథాల పందాల వంటివి పెట్టుకున్నారు. మళ్ళీ 1916లోగానీ ధైర్యం చెయ్యలేదు. 1922లో గిన్నె ఆకారంలో పెద్ద స్టేడియం కట్టి దానికి రోజ్ బౌల్ అని పేరు పెట్టాక, ఆ ‘గిన్నె’ పేరు ఇలాంటి మ్యాచులన్నిటికీ అంటుకుంది. 1930లలో, గడ్డు ఆర్థికమాంద్యంలో, మయామీ ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లియన్స్ షుగర్ బౌల్, డాలస్ కాటన్ బౌల్ మొదలుపెట్టాయి. ఆయా ప్రాంతాల్లో ఏం పండుతుందో పేర్లు చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి మూలంలో బౌల్ అంటే పేరంటం. ఊరి పెద్దలు పిలుస్తారు. ఎవర్ని పిలవాలో వాళ్ళిష్టం. బాగా ఆడినవాళ్ళని పిలుస్తారు నిజమే, కానీ ఎవర్ని పిలిస్తే వెంట ఎక్కువమంది అభిమానులొచ్చి హోటళ్ళు నింపుతారో కూడా చూస్తారు. పేరంటానికి పిలవకపోతే అలగొచ్చుగానీ, కోర్టుకెళ్ళలేం కదా. ఛాంపియన్ ఎవరన్నది ఇంకా విడ్డూరం. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పాత్రికేయుల చేత ఓట్లు వేయించి ఛాంపియన్‌ని ప్రకటించేది. 1960ల చివరిదాకా ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఆ ఆఖరి ఓటింగ్ బౌల్ మ్యాచులకి ముందే అయిపోయేది. అంటే పంక్తిలో విస్తరి వెయ్యకముందే భోజనం ఎలా ఉందో రాసేసినట్టు.

పంతమూ పిలుపూ ఢీకొన్న రోజు ఒకటుంది. 1973 నవంబర్ 24. ఒహాయో స్టేట్, మిషిగన్, రెండూ ఓటమి ఎరగని జట్లు. గెలిచినవాళ్ళు రోజ్ బౌల్‌కి. మ్యాచ్ 10-10తో సమమైంది. ఆ కాన్ఫరెన్స్ నియమం ప్రకారం ఒక్క జట్టే వెళ్ళాలి. రెండో జట్టు ఇంకే బౌల్‌కీ వెళ్ళకూడదు కూడా. కాన్ఫరెన్స్‌లోని యూనివర్సిటీల క్రీడాధికారులు ఓట్లు వేసి ఒహాయో స్టేట్‌ని పంపారు. ఆ మ్యాచ్‌లోనే మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ కాలర్‌బోన్ విరిగింది, అతను లేకుండా వెళితే పరువు పోతుందేమోనన్న భయమే ఆ ఓట్ల వెనక ఉందని అంటారు. ఒక్క మ్యాచ్ కూడా ఓడని మిషిగన్ ఆటగాళ్ళు ఆ జనవరి 1న ఇళ్ళలో కూర్చున్నారు.

ఇది చదివి మావాడికి ఫోన్ చేశాను. “యాభయ్యేళ్ళ కిందటే ఇదే జరిగిందిరా. విరిగిన ఎముక ఒక్కటే వేరు.”

“తెలుసు నాన్నా. ఇక్కడ అందరూ అదే చెప్పుకుంటున్నారు” అన్నాడు.

నన్ను ఆపేసింది ఆ మాట. 1973 నాటి ఒక ఓటింగ్, అప్పటికి పుట్టని పిల్లలకి, వేరే రాష్ట్రంలో, వేరే దేశం నుంచి వచ్చి చదువుకుంటున్నవాడికి కూడా తెలుసు. తర్వాత 1998లో ఓట్లనీ కంప్యూటర్ లెక్కల్నీ కలిపి ఇద్దరిని తేల్చే పద్ధతి తెచ్చారు. 2004లో ఆబర్న్ అన్ని మ్యాచులూ గెలిచి కూడా ఆ ఇద్దరిలో లేకపోయింది. 2014లో నలుగుర్ని చేశారు. 2023లో అయిదోవాడు ఏడ్చాడు. పద్ధతి మారినప్పుడల్లా కొత్త గుమ్మం, గుమ్మం బయట కొత్త మనిషి. ఆ ఏడుపులన్నీ లెక్క రాసిపెట్టి ఉన్నాయి. రాసిపెట్టేవాళ్ళున్నారు.

*

ఇదంతా చదువుతుంటే, ఇది మన ఇంటి కథలాగే ఉందే అనిపించింది. కాలేజీలు కావుగానీ, మన దేశపు ఫుట్‌బాల్ వంద సంవత్సరాలు సరిగ్గా ఇలా పేరంటాల మీదే నడిచింది.

డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది. పెట్టినవాడు మార్టిమర్ డ్యూరాండ్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు గీత ఎవరి పేరుతో ఉందో ఆయనే. రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో, ఐఎఫ్ఏ షీల్డ్ 1893లో కలకత్తాలో. మూడూ మొదట్లో బ్రిటిష్ పటాలాల ఆటవిడుపు. 1911లో మోహన్ బగాన్ కాళ్ళకి బూట్లు లేని ఆటగాళ్ళతో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించి షీల్డ్ గెలిచిన కథ అందరికీ తెలిసిందే. రోవర్స్‌ని భారతీయ జట్టు గెలవడానికి 1937 దాకా, డ్యూరాండ్‌ని గెలవడానికి 1940 దాకా పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాకా స్వరూపం మారలేదు. ఏ నగరానికి ఆ నగరంలో లీగ్. అది అయిపోయాక పేరున్న జట్లు రైళ్ళెక్కి ఊరూరా కప్పులు ఆడ్డం. కలకత్తాలో షీల్డ్, బొంబాయిలో రోవర్స్, ఢిల్లీలో డ్యూరాండ్. ఎవరికి పిలుపు, ఎవరికి తొలి రౌండ్లు ఆడకుండా నేరుగా లోపలికి దారి అన్నది నిర్వాహకుల చేతిలో పని. జనాన్ని రప్పించే పేర్లు కావాలి, టికెట్లు అమ్ముడుపోవాలి. క్లబ్బులన్నీ ఒకదానితో ఒకటి ఆడి, పాయింట్లు లెక్కేసి దేశపు ఛాంపియన్‌ని తేల్చే జాతీయ లీగ్ 1996 దాకా రానేలేదు. సంతోష్ ట్రోఫీ 1941 నుంచి ఉందిగానీ, అది రాష్ట్ర జట్లది, క్లబ్బులది కాదు.

కాబట్టి ‘1950లో భారతదేశపు ఛాంపియన్ క్లబ్బు ఏది?’ అని అడిగితే రికార్డు పుస్తకంలో ఆ గడే ఉండదు. ఉండి ఉంటే, దాన్లో ఒక తెలుగు నగరపు జట్టు పేరు చాలాసార్లు రాయాల్సి వచ్చేదని నా నమ్మకం.

*

హైదరాబాద్ సిటీ పోలీస్. ఈ జట్టు కథ చెప్పేవాళ్ళు సాధారణంగా 1943 నాటి బెంగళూరు ఆష్ గోల్డ్ కప్‌తో మొదలుపెడతారు. ఎదుట రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టు. దాన్లో ఇంగ్లండ్ క్రికెటర్, ఆర్సెనల్ ఫుట్‌బాలర్ డెనిస్ కాంప్టన్. గెలిచింది మన పోలీసులు. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఒక బడిపంతులు వచ్చాడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టినవాడు, ఉస్మానియా పట్టభద్రుడు. చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పుకునేవాడు. చనిపోయేదాకా ఇరవయ్యేళ్ళు ఆ కార్యదర్శి పదవిలోనే ఉన్నాడు. 1950 నుంచి పోలీసు జట్టుకి కోచ్.

ఆయన కోచింగంతా పంతులు పద్ధతే. పిల్లలకి కుడికాలు బాగా ఆడుతుంటే, ఎడంకాలితో మాత్రమే ఆడాలని టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతిని దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేసేవాళ్ళని వెంటనే పక్కవాడికి ఇచ్చేలా అలవాటు చేసేవాడు. హోంవర్క్ అన్నమాట. సొంత తెలివికి మురిసిపోయే కుర్రాళ్ళని ఒక జట్టుగా మార్చిన కిటుకు ఇదే.

ఫలితాలు చూడండి. 1950లో, యుద్ధం, దేశవిభజనల వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ మళ్ళీ మొదలైన తొలి ఏడాదే, ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించి కప్పు పట్టుకొచ్చారు. రోవర్స్ అయితే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు వాళ్ళదే. 1954లో మళ్ళీ డ్యూరాండ్. 1957లో డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ని 2-1తో ఓడించారు. ఆ ఏడాది రోవర్స్ కూడా గెలిచారు. 1960లో రోవర్స్. 1961 డ్యూరాండ్ ఫైనల్లో మళ్ళీ ఎదురుగా మోహన్ బగాన్, మళ్ళీ ఓటమి మోహన్ బగాన్‌దే. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో తేలక రోవర్స్ కప్పుని చెరిసగం పంచుకున్నారు. 1963లో మళ్ళీ ఒంటరిగా గెలిచారు. పద్నాలుగేళ్ళలో తొమ్మిది రోవర్స్, నాలుగు డ్యూరాండ్. కలకత్తావాళ్ళ ఇంట్లో జరిగే షీల్డ్ ఒక్కటే దక్కలేదు.

ఇది పంతం కాక మరేమిటి? కలకత్తా క్లబ్బులకి వేలమంది సభ్యులు, దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళు. ఇటు చూస్తే ఒక నగరపు పోలీసు శాఖ, ఒక బడిపంతులు.

జాతీయ జట్టు కూడా ఆ పంతులి చేతికే వచ్చింది. అక్కడా పిలుపుల గొడవే. 1950 బ్రెజిల్ ప్రపంచకప్‌కి, మన గ్రూపులోని మిగతా దేశాలు తప్పుకోవడంతో, ఒక్క మ్యాచ్ ఆడకుండా మనకి చోటొచ్చింది. వచ్చిన పిలుపుకి మనమే వెళ్ళలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. 1956 మెల్బోర్న్‌లో మొదటి రౌండ్‌లో మన మీద ఆడాల్సిన హంగరీ తప్పుకుంది. అంటే సగం దారి పిలుపుతోనే వచ్చింది. కానీ తర్వాతి రౌండ్‌లో ఆస్ట్రేలియాని, వాళ్ళ దేశంలోనే, 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో అదే యుగోస్లావియా చేతిలో ఈసారి 4-1. చివరికి నాలుగో స్థానం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం లాంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చేనాటికి రహీంని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. పోలీసు జట్టు రోవర్స్‌ని చివరిసారి గెలిచింది కూడా ఆ ఏడాదే.

*

ఇప్పుడు మావాడి ప్రశ్న కాస్త మార్చి నన్ను నేను అడిగాను. మిషిగన్‌వాళ్ళకి 1973 గుర్తుంది. మనకి 1950 ఎందుకు గుర్తులేదు? 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా రహీం పేరు తెలీనివాళ్ళు మనలో ఎంతమంది!

మొదటి కారణం, రహీం లాంటి మనిషి మళ్ళీ దొరక్కపోవడం. అది నిజమే, కానీ చాలదు. అమెరికా కాలేజీల్లోనూ గొప్ప కోచ్‌లు పోయారు, జట్లు దశాబ్దాలు కుప్పకూలాయి, పంతాలు మాత్రం నిలిచాయి.

రెండో కారణం డబ్బు. హైదరాబాద్‌లో తయారైన ఆటగాళ్ళని కలకత్తా తీసుకుపోయింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. తర్వాత దానికి కెప్టెన్ అయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టిన మనిషి. ఆఖరికి బెంగాల్లోనే ఉత్తర్‌పారాలో స్థిరపడ్డాడు. మహమ్మద్ హబీబ్ 1966లో వెళ్ళి కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే, మావాడు ఫోన్ చేసిన ఆ ఏడాదే, పోయారు. వాళ్ళని సొంతవాళ్ళుగా ఎక్కువ తలుచుకున్నది కలకత్తానే.

కానీ అసలు కారణం మూడోదని నాకనిపిస్తుంది. పోలీసు జట్టుకి వారసులుండరు. కాలేజీ జట్టు ఉందనుకోండి, నాలుగేళ్ళు చదివి వెళ్ళిపోయినవాడు కూడా చచ్చేదాకా ‘మేము’ అంటాడు. వాడి కొడుక్కీ అదే రంగు చొక్కా కొనిపెడతాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లాంటి క్లబ్బులకి సభ్యత్వం తాత నుంచి మనవడికి వస్తుంది. గెలిచిన రోజు ఒక ఇంట్లో రొయ్యలు, ఇంకో ఇంట్లో పులస వండుకునేంతగా అది వంటింట్లోకి కూడా చేరింది. పోలీసు జట్టంటే ఉద్యోగం. రిటైరైతే అయిపోయింది. అభిమానులుండొచ్చు, ఉన్నారు కూడా, కానీ ఆ అభిమానాన్ని దాచిపెట్టే ఇల్లు ఉండదు.

దానికి తోడు పేరూ నిలవలేదు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సంతోష్ ట్రోఫీలో 1956-57, 1957-58 రెండేళ్ళూ గెలిచిన జట్టు పేరు హైదరాబాద్. 1965-66లో గెలిచిన జట్టు పేరు ఆంధ్రప్రదేశ్. సిటీ పోలీస్ కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 2014 తర్వాత ఇంకో పేరు. ఇప్పుడు ఆ కప్పుల్ని ఏ రాష్ట్రం పద్దులో రాయాలి? ఆస్తులూ అప్పులూ పంచుకోవడానికి కమిటీలు వేసుకున్నాం. ఈ జ్ఞాపకాన్ని పంచుకోవడానికి ఎవరూ తగువు కూడా పెట్టుకోలేదు. తగువు పెట్టుకుని ఉంటేనే బావుండేది.

మరి మన కాలేజీలో? విశ్వవిద్యాలయాల మధ్య పోటీలున్నాయి, జోన్లవారీగా టోర్నమెంట్లు జరుగుతాయి. చూసేవాళ్ళు ఆడేవాళ్ళ కంటే తక్కువ. మన దగ్గర కాలేజీల మధ్య నిజంగా ఉన్న పంతం ర్యాంకుల్లో ఉంది. ఫలితాలొచ్చిన రోజు టీవీలో గుక్క తిప్పుకోకుండా ‘ఒకటి, ఒకటి, రెండు, మూడు’ అని చదువుతారే, అదీ మన సీజన్ ముగింపు. కానీ యాభయ్యేళ్ళ తర్వాత కోచింగ్ కాలేజీ పేరు చెప్పుకుని ‘మేము’ అనే మనిషిని నేనింకా చూడలేదు.

కొత్త కాలంలోనూ ఒక అవకాశం వచ్చింది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో పాయింట్ల పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది, షీల్డ్ వాళ్ళకిచ్చారు. తర్వాత జరిగిన నాకౌట్ ఫైనల్లో, 2022 మార్చి 20న గోవాలో, కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. ఒకే ఏడాది, ఇద్దరు విజేతలు. అమెరికావాళ్ళు తల బద్దలు కొట్టుకునే చిక్కుని మనం రెండు బహుమతులిచ్చి తీర్చేశాం. అయితే ఆ జట్టు మూడేళ్ళు తిరక్కుండానే అప్పుల్లో పడింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఊరు మార్చి, పేరు మార్చి ఢిల్లీకి వెళ్ళిపోయింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ పేరు మారడం ఇది ఎన్నోసారో!

*

ఫ్లోరిడా స్టేట్ సంగతి చెప్పాలి కదా. ప్లేఆఫ్‌లోకి తీసుకోనందుకు ఓదార్పుగా ఆరెంజ్ బౌల్‌కి పిలిచారు. చాలామంది ఆటగాళ్ళు ఆడమని తప్పుకున్నారు. 2023 డిసెంబర్ 30న జార్జియా చేతిలో 63-3తో ఓడిపోయారు. ‘చూశారా, మేం చెప్పలేదూ’ అన్నారు కమిటీని సమర్థించినవాళ్ళు. ‘మనసు విరిగినవాళ్ళతో ఆడిస్తే అంతే’ అన్నారు అవతలివాళ్ళు. ఛాంపియన్ అయింది, విచిత్రంగా, మిషిగన్.

2024 నుంచి నాలుగు జట్లకి బదులు పన్నెండు జట్లని తీసుకుంటున్నారు. ఇక ఏడుపులు ఉండవన్నారు. 2025లో పదింట్లో గెలిచి రెండు ఓడిన నోటర్‌డామ్‌కి ఆ పన్నెండులో చోటు దక్కలేదు. వాళ్ళు అలిగి, ఇంకే బౌల్‌కీ రామని చెప్పేశారు. ఇరవై నాలుగు చేసినా ఇరవై అయిదోవాడుంటాడు. సాహిత్య అవార్డుల సంగతి తెలిసిన పాఠకులకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

కాబట్టి, పిలుపు ఎవరి చేతిలో ఉన్నా అన్యాయం కొంత జరుగుతూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేసే పద్ధతి ఉందని నేననుకోను. నాకు బాధ కలిగించేది వేరేది. అన్యాయం జరిగిందని తరతరాలుగా గోలపెట్టడానికి మనుషులుంటే, గెలుపు కూడా వాళ్ళతోపాటే బతుకుతుంది. గోలపెట్టేవాళ్ళు లేని చోట తొమ్మిది రోవర్స్ కప్పులు కూడా గాలికిపోతాయి.

కిందటి నెల ఆ జాబితా అంతా, ఏడాదుల వారీగా, ఎవరి మీద గెలిచారో రాసి మావాడికి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది.

“1950 నుంచి 54 దాకా అయిదుసార్లు వరసగా మనమే గెలిచామా నాన్నా?”

నిజానికి ఆ అయిదేళ్ళూ మా నెల్లూరు హైదరాబాద్ రాష్ట్రంలో లేదు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. ఆ ముక్క రాసి సరిచేద్దామనుకున్నాను. టాలహాసీ జట్టుకి ‘మేము’ అనేవాడు, ఈ పోలీసు జట్టుకి ‘మనం’ అన్నాడు. నన్ను కూడా కలుపుకున్నాడు.

“అవున్రా, మనమే” అని రాశాను.